వచ్చినది, ఇవ్వలేదు

పోయిన వేసవిలో అమ్మమ్మను తెనాలిలోనే ఒక గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు చిన్నవాడు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో. కాగితం మీద గళ్ళు నింపుకుంటూ అడిగాడు.

"మీ అమ్మగారికి షుగరుగానీ బీపీగానీ ఉండేదా మామ్మగారూ?"

"తెలియదండి."

"ఏ వయసులో పోయారు?"

"తెలియదండి."

"దేనివల్ల పోయారో ఏమైనా..."

"తెలియదు బాబూ. తెలియదనే రాసుకోండి."

ముప్పై అయిదేళ్ళు బడిపిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి ఆమె. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పడానికి కూడా లేచి నిలబడి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పాలని నాకు నేర్పిన మనిషి. ఆ రోజు మాత్రం గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ చెప్పింది. ఆటోలో ఇంటికి వస్తూ నేను, "మీ అమ్మ పేరేంటి అమ్మమ్మా?" అన్నాను. నాకు ఇరవై ఆరేళ్ళు. పెరిగిందంతా ఆమె దగ్గరే. అంత చిన్న ప్రశ్న అంతవరకూ అడగలేదని అప్పుడు తట్టింది.

"దీనమ్మ," అంది. ఆటో మూడు వీధులు తిరిగాక మళ్ళీ తనే అంది, "నాకు నాలుగేళ్ళప్పుడు బోర్డింగులో పడేసి మారుమనువు చేసుకుని పోయింది. పన్నెండేళ్ళున్నా అక్కడ. ఒక్కసారంటే ఒక్కసారి వచ్చి చూళ్ళేదు. ఇంక అడక్కు."

నేను అడగలేదు. అడగకుండా ఉండటం నాకు బాగా వచ్చిన పని. ఆ సాయంత్రం డైరీలో మాత్రం 'దీనమ్మ' అని రాసి, దాని కింద రాయడానికి ఇంకేమీ లేక, ఆ పేజీ అలాగే ఖాళీగా వదిలేశాను.

నాన్న పోయేనాటికి నాకు మూడేళ్ళు. అమ్మ నన్ను చంకనేసుకుని, ఒక సూట్‌కేసు పట్టుకుని అమ్మమ్మ ఇంటికి వచ్చేసింది. రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా, వెనక పంపు, పంపు పక్కన కరివేపాకు చెట్టు. నా చిన్నతనమంతా ఆ ఇంట్లో అమ్మమ్మ గడియారం ప్రకారం నడిచింది. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, ముఖం కడుక్కుని, గుళ్ళో, అంటే మా చర్చిలో, పాడే పాటల్లో ఒకటి గొంతు లోపలే పాడుకుంటూ పొయ్యి వెలిగించేది. కిరసనాయిలు స్టవ్వు వాసన నాకు ఇప్పటికీ తెల్లవారడంలాగే ఉంటుంది. ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి నీలం డబ్బాలో వేసేది. అది దేవుడి బియ్యం. నెలాఖరు ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్ళేది. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజున కూడా ఆ గుప్పెడు తగ్గేది కాదు. ఆ రోజు మా ముగ్గురిలో ఆమె కంచమే పలచబడేది. బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన, మడతలు ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా పేర్చిన తెల్లచీరలు. రిటైరై చాలా ఏళ్ళయినా ఆమె వేళ్ళ మీద ఎర్రసిరా మచ్చ పోలేదు. వీధిలో ఎవరి పిల్లలో ఒకరు పలకో పుస్తకమో పట్టుకుని వసారాలో చేరేవాళ్ళు.

ఆదివారం గుళ్ళో మేము ముందు నుంచి రెండో వరసలో కూర్చునేవాళ్ళం. నేను ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు, అమ్మమ్మ నా వైపు చూడకుండానే తొడపాశం పెట్టేది. బయటికొచ్చాక, "వెనకాల ఏముందే చూడ్డానికి? నేను బోర్డింగులో పన్నెండేళ్ళున్నా. ఒక్కనాడు తల తిప్పి ఎరగను. దానికి నాకు బైబిలు బహుమతిచ్చారు తెలుసా?" అనేది. ఆ బైబిలు మొదటి పేజీలో 'సత్ప్రవర్తనకు' అని, కింద ఆ బోర్డింగు ఊరి పేరు రాసి ఉంది. ఆ మాట వేలితో చూపించి నాకు చదివి వినిపించేది. తల్లుల ఆదివారం నాడు పిల్లలందరం పూలు తీసుకెళ్ళి అమ్మలకూ అమ్మమ్మలకూ ఇచ్చేవాళ్ళం కదా, అప్పుడు మాత్రం ఆమె వరసలో ఉండేది కాదు. వెనక టీ కాసే చోట గ్లాసులు కడుగుతూ కనపడేది. పనిమంతురాలు కాబట్టి అలా ఉంటుందనుకునేదాన్ని.

ఇప్పుడు నేను బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తున్నాను. రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళివస్తాను. పుస్తకాలతో నాకు ఇబ్బంది లేదు, మనుషులతోనే. మా కాలేజీవాళ్ళు సూర్యలంక వెళ్దామని ప్లాను వేసినప్పుడల్లా నాకు ఏదో ఒక పని పడుతుంది. అందుకే రేపల్లె వైపు వెళ్ళి పాత గుడి రిజిస్టర్లు చూసొస్తానని అన్నప్పుడు అమ్మ నవ్వేసింది.

"నువ్వా? ఆటోవాణ్ణి చిల్లర అడగలేవు, పాస్టరుగారి దగ్గరికెళ్ళి బీరువా తెరవమంటావా?"

"అడుగుతాలే."

"ఏమని అడుగుతావే? ఏదీ, నన్ను అడుగు చూద్దాం." నేను నోరు తెరిచి మూశాను. అమ్మ ఇంకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడకి తెలియనివ్వకు," అంది.

ఒక శనివారం పొద్దున్న రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. అక్కడినుంచి ఇంకో బస్సు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయాలనిపించడం లేదు. కాలవ పక్కన చిన్న ఊరు, ఊరికి మించిన పెద్ద గుడి, దాని వెనక ఎప్పుడో మూతపడిన బోర్డింగు పునాదులు. పాస్టరు అయ్యగారికి విషయం చెప్పడానికి బస్సులో నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను. ఆయన ఎదురుపడగానే నాలుగూ పోయాయి. "మా అమ్మమ్మ ఇక్కడ చదువుకుందండి," అని మాత్రం అనగలిగాను. అది సరిపోయింది.

"చూసుకోమ్మా. ఇన్నేళ్ళలో వీటిని అడిగినవాళ్ళు లేరు. చెదపురుగులే చదువుతున్నాయి," అని ఆయన ఇనప బీరువా తెరిచారు. బాప్తిస్మాల పుస్తకం, పెళ్ళిళ్ళ పుస్తకం, సమాధుల పుస్తకం, వాటి కింద పేర్లులేని అట్టలవి నాలుగైదు. తెరవగానే గబ్బిలాల వాసన, తడిసి ఆరిన కాగితం వాసన. చివర్లు బిస్కెట్టులా విరిగిపోతున్నాయి. పేజీ తిప్పడానికి ఊపిరి బిగబట్టవలసి వచ్చింది.

దీనమ్మ మధ్యాహ్నానికి దొరికింది. బాప్తిస్మాల పుస్తకంలో ఒక వరస. 'దీనమ్మ. వయస్సు సుమారు పదునెనిమిది. వృత్తి: కూలి.' అంతే. నేను ఆ వరస ఎన్నిసార్లు చదివానో తెలియదు. నాకు తెలిసిన మనుషులందరికంటే ముందు ఈ నేల మీద ఎండలో వరినాట్లు వేసిన ఒక అమ్మాయి, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది, ఒక రోజు ఈ గుళ్ళోకి వచ్చి పేరు చెప్పింది. ఎవరో కలం ముంచి రాసుకున్నారు. ఆ సిరా ఇంకా ఉంది. పెళ్ళిళ్ళ పుస్తకంలో ఆమె మళ్ళీ కనపడింది. భర్త ఊరు ఇక్కడికి పన్నెండు మైళ్ళ దిగువన, కాలవ చివరి పల్లె. మరుసటేడు సుగుణ అనే ఆడపిల్లకు బాప్తిస్మం. అది మా అమ్మమ్మ. ఇంకో మూడేళ్ళకు సమాధుల పుస్తకంలో భర్త. 'జ్వరము' అని రాసి ఉంది. మూడు పుస్తకాల్లో నాలుగు వరసలు. వాటి మధ్య ఎన్ని నాట్లు, ఎన్ని కోతలు, ఎన్ని వానలు! వెతకడం మొదలుపెట్టినప్పుడు ఇంత కొంచెం దొరుకుతుందనీ అనుకోలేదు, ఈ కొంచెమే ఇంత బరువుగా ఉంటుందనీ అనుకోలేదు.

అయ్యగారి భార్య, అమ్మగారు, టీ తెచ్చి పెట్టింది. "గంట నుంచీ ఒక్క పేజీయే చూస్తున్నావు. చదవడం రాదా ఏంటి తల్లీ? లైబ్రరీలో ఉద్యోగమన్నావు?" అని నవ్వి, చీర కొంగుతో దుమ్ము దులిపి, పేర్లులేని అట్టల్లోంచి ఒకటి తనే విప్పింది. బోర్డింగు చేర్పుల పుస్తకం అది. దానిలో ఒక కాగితం అంటించి ఉంది.

'తండ్రి మరణించి, తల్లి దీనమ్మ గుడి వెలుపల మారుమనువాడినందున, ఆమెను సంస్కారమునుండి నిలిపివేసితిమి. నాలుగేండ్ల సుగుణను బోర్డింగులో చేర్చుకొంటిమి. తల్లి పిల్లను కలియరాదు, తాను తల్లినని తెలుపరాదు. తెలిపినయెడల పిల్లను తిరిగి పంపివేయుదుము.'

కింద వేలిముద్ర. కొంచెం పక్కకు జారి, ఒక అంచు మసకబారిన బొటనవేలి ముద్ర. గీతలు స్పష్టంగా ఉన్నాయి. మధ్యలో అడ్డంగా ఒక సన్నటి తెల్లగీత, కొడవలి తెగిన మచ్చేమో. నా బొటనవేలు దాని పక్కన, తగలకుండా పెట్టి చూశాను. నాదానికంటే ఆమెది వెడల్పు. ఎందుకు మళ్ళీ మనువాడిందో, పిల్లను ఎందుకు తీసుకెళ్ళలేకపోయిందో ఎక్కడా రాయలేదు. బోర్డింగులో మూడు పూటలా అన్నం, చదువు. కాలవ చివరి పల్లెలో ఆ రెండూ లేవు. అంతవరకే నాకు తెలుసు. మిగిలింది నా ఊహ. ఆ ఊహను పెంచడానికి భయం వేసింది.

చివర విప్పింది సంస్కారపు పుస్తకం. ప్రభువు సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఆ రోజుల్లో ఏడాదికి నాలుగుసార్లే ఇచ్చేవారట. తీసుకోదలచినవాళ్ళు ముందురోజు, శనివారం, వచ్చి ఉపదేశి దగ్గర పేరు చెప్పుకోవాలి. అలా చెప్పుకున్న పేర్లు అవి. దీనమ్మ పేరు వాటిలో ఉండదనుకుని ఊరికే తిప్పుతున్నాను. ఉంది. పక్కన అదే కాలవ చివరి పల్లె పేరు. ఎదురుగా, 'వచ్చినది. నిలుపుదలలో ఉన్నందున సంస్కారము ఇవ్వలేదు.' మూడు నెలల తర్వాతి పేజీలో మళ్ళీ అదే పేరు, అదే మాట. ఆ తర్వాత మళ్ళీ. అయిదారుసార్లయ్యాక ఉపదేశికి విసుగొచ్చినట్టుంది, 'వచ్చినది. ఇవ్వలేదు' అని మాత్రమే రాయడం మొదలుపెట్టాడు. ఉపదేశులు మారారు, చేతిరాతలు మారాయి, సిరా నలుపు నుంచి నీలానికి మారింది. వచ్చినది, ఇవ్వలేదు. ఒక పేజీ పైన 'కాలువ కట్ట తెగినందున జనము రాలేదు' అని ఉంది. దాని కింద అయిదే పేర్లు. అయిదోది దీనమ్మ. ఒకచోట మాత్రం కొత్త ఉపదేశి ఎవరో, చిన్న అక్షరాలవాడు, 'మరల వచ్చినది' అని రాశాడు. ఆ 'మరల' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆయన కూడా రాస్తూ ఒక్క క్షణం ఆగి ఉంటాడనిపించింది.

నలభై మూడుసార్లు. నేను లెక్కపెట్టి, నమ్మకం లేక మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాను.

అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "విచిత్రంగా ఉందమ్మా. క్షమాపణ కాగితం పెట్టుకుంటే ఏడాదిలో మళ్ళీ చేర్చుకునేవాళ్ళు. ఈవిడ ఒక్కటీ పెట్టుకోలేదు. ఇవ్వరని తెలిసి, పన్నెండు మైళ్ళు నడిచి, ఇన్నిసార్లు దేనికొచ్చినట్టు?"

"దేనికేంటండి?" అంది అమ్మగారు గుమ్మంలోంచి. "బోర్డింగు పిల్లలు ముందు వరసలో చాపల మీద కూర్చునేవాళ్ళు. నిలుపుదలలో ఉన్నవాళ్ళని వెనక తలుపు దగ్గర కూర్చోబెట్టేవాళ్ళు. కనీసం వీపైనా కనపడుతుంది కదా."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను చివరి 'వచ్చినది' ఉన్న పేజీ మళ్ళీ చూశాను. అమ్మమ్మ టీచరు ట్రైనింగుకు గుంటూరు వెళ్ళింది ఆ తర్వాతి నెలలోనే. ఆ తర్వాత ఏ పుస్తకంలోనూ దీనమ్మ లేదు. సమాధుల పుస్తకంలో కూడా లేదు. నిలుపుదలలో ఉన్నవాళ్ళను ఈ సమాధుల దొడ్లో పెట్టేవాళ్ళు కాదట.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, పుస్తకం తెరవకుండా తెనాలి వరకూ వచ్చాను. నా ఫోనులో నావి వేల ఫొటోలు ఉన్నాయి, నేను ఏ రోజు ఎన్ని అడుగులు వేశానో కూడా ఉంది. పదేళ్ళ డైరీలు ఉన్నాయి. అందులో ఏముందని? రైలు ఆలస్యమైంది, ఫలానా పుస్తకం బాగుంది, ఫలానావాళ్ళతో మాట్లాడలేకపోయాను. అక్షరం రాని ఆమె గురించి, ఆమెను కాదన్నవాళ్ళు, కాదన్నామని చెప్పుకోవడానికి రాసుకున్న రెండు మాటలు ఇంతకాలం నిలిచి ఉన్నాయి. మా అమ్మ కూడా చిన్నవయసులో ఒంటరిదయింది. ఆమెకు సూట్‌కేసు పట్టుకుని రావడానికి ఒక ఇల్లుంది, తలుపు తీసిన తల్లి ఉంది. నన్ను ఎవరూ ఆమె దగ్గరినుంచి తీసుకోలేదు. ఆ ఇల్లు అమ్మమ్మ జీతంతో కట్టింది, ఆ జీతం బోర్డింగు చదువుతో వచ్చింది, ఆ చదువు ఒక వేలిముద్రతో వచ్చింది. నేను పుస్తకాల మధ్య చల్లగా కూర్చుని చేసే ఉద్యోగం కూడా అక్కడినుంచే మొదలైంది.

అమ్మతో చెప్పాను. వింటూ వింటూ ఆమె కూరగాయల కత్తిపీట పక్కకు నెట్టేసింది. "ఆవిడకి చెప్పకే," అంది చివరికి. "రాలేదని కోపం పెట్టుకుని ఎనభై ఏళ్ళు బతికింది. కోపంతో బతకొచ్చు. వచ్చింది, నువ్వే చూళ్ళేదు అంటే ఏం పెట్టుకుని బతుకుతుంది? గుండె మనిషి."

అది నిజం. తల తిప్పనందుకు ఇచ్చిన బైబిలు రోజూ ఆమె ఒళ్ళోనే ఉండేది. రెండు వారాలు నేను ఏమీ చెప్పలేదు. డైరీలో చెప్పాలా వద్దా అని రాసుకుంటూ పోయాను. పదిహేనో రోజున మళ్ళీ పరీక్షలకు ఆసుపత్రికి వెళ్ళాం. కొత్త నర్సు ఎవరో కాగితం చూసి, "తల్లి వివరాలు తెలియవా మామ్మగారూ?" అంది. "తెలియవమ్మా, అనాథని," అంది అమ్మమ్మ నవ్వుతూ. ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

మర్నాడు ఆదివారం. భోజనాలయ్యాక అమ్మమ్మ వసారాలో మడతకుర్చీలో కూర్చుంది. నేను నేలమీద ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఆమె ముఖం చూడకుండా మొదలుపెట్టాను. కూలి అని రాసిన వరస, జ్వరం, వేలిముద్ర, కాగితం మీది షరతు, నలభై మూడు వరసలు. కట్ట తెగిన నాటి అయిదు పేర్లు. మధ్యలో ఎక్కడా ఆమె ఆపలేదు. ఫోనులో ఫొటోలు చూపించబోతే చేత్తో వద్దంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో మందుబిళ్ళలతో.

"నడిచేనా?" అంది అమ్మమ్మ.

"బస్సుల్లేవు కదా అమ్మమ్మా అప్పుడు. కాలవ కట్ట మీద పన్నెండు మైళ్ళు."

"శనివారమే వచ్చేదా?"

"శనివారమే పేరిచ్చుకోవాలట."

అమ్మమ్మ తల ఊపింది. పాఠం మొదలుపెట్టే ముందు ఊపినట్టే. "పైఊళ్ళ ఆడవాళ్ళు శనివారం వచ్చి బోర్డింగు వంటింటి వసారాలో పడుకునేవాళ్ళు. ఆదివారం పొద్దున్నే వాళ్ళకి గంజి పొయ్యాలి. పిల్లలకి వంతులుండేయి. నా వంతు కాకపోయినా నేనే పోసేదాన్ని, మంచిపిల్లననిపించుకోడానికి. తల దించుకుని పొయ్యమనేది మేట్రనమ్మ. మొహాలు చూడకూడదు, కబుర్లు పెట్టుకోకూడదు. తాటాకు దొన్నెలు వరసగా వచ్చేయి, పోసేదాన్ని. చేతులు తప్ప ఏమీ కనపడేయి కాదు."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు.

"ఒకామె మాత్రం తాగేసి మళ్ళీ వరస చివర నిలబడేది. వచ్చినప్పుడల్లా అంతే. పిల్లలు నవ్వేవాళ్ళు, తిండిపోతని. నేనూ నవ్వా." అమ్మమ్మ గొంతు మారలేదు. "'ఇంకా కావాలా?' అనేదాన్ని. ఆ ఒక్క మాటకి ఒప్పుకునేవాళ్ళు. 'పొయ్యి తల్లీ' అనేది."

ఆమే దీనమ్మా అని నేను అడగలేదు. ఆ సంగతి రాసిన పుస్తకం ఏ బీరువాలోనూ లేదు. అమ్మ వచ్చి కుర్చీ పక్కన కూర్చుంది. అమ్మమ్మ తన రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని వాటివైపే చూస్తోంది.

"ఆకలనుకున్నానే," అంది.